కీళ్లవాతానికి పేగు మీద కేసు

కీళ్లవాతం ఉన్నవాళ్ల ఫోన్లకి ఇప్పుడొక తరహా వీడియోలు వస్తున్నాయి. నీ జబ్బు వేళ్లలో లేదు, పేగుల్లో ఉంది అని మొదలుపెట్టి ప్రోబయాటిక్ క్యాప్సూల్స్ దగ్గర తేలతాయి. ధర చివర్లో చెబుతారు. పూర్తిగా అబద్ధమైతే నవ్వుకుని వదిలేసేవాణ్ని. మొదటి ముక్కలో కొంత నిజముంది, చిక్కంతా అక్కడే.

కీళ్లవాతం వచ్చే జాతి ఎలుకల్ని ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచితే జబ్బు బాగా తగ్గిపోయింది. ఒకే ఒక్క రకం పేగు బ్యాక్టీరియాని ఎక్కిస్తే మళ్లీ కాళ్లు వాచాయి. ఇది 2010 నాటి మాట. 2013లో న్యూయార్క్‌లో హోసే షేర్, డాన్ లిట్‌మన్ బృందం మనుషుల్ని పరీక్షించింది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం కొత్తగా బయటపడి, ఇంకా మందు మొదలుపెట్టనివాళ్లలో 75 శాతం మంది మలంలో ప్రివోటెల్లా కోప్రి అనే బ్యాక్టీరియా కనిపించింది. ఆరోగ్యవంతుల్లో 21 శాతం మందిలోనే.

దొంగ దొరికాడని సంబరపడే లోపు మన పొట్ట సంగతి చూడాలి. భోపాల్, కేరళ వాళ్ల మీద 2019లో వచ్చిన అధ్యయనంలో, శాకాహారం ఎక్కువగా తినే భోపాల్ వైపు ప్రివోటెల్లా దండిగా ఉంది. వాళ్లందరికీ వేళ్లు వాచిపోవాలి కదా మరి? పైగా కోప్రి అన్న ఆ ఒక్క పేరు కింద నాలుగు వేర్వేరు తెగలున్నాయని అదే ఏడాది తేలింది. తెగేదో చెప్పకుండా ‘ప్రివోటెల్లా ఎక్కువ’ అని ఎర్రక్షరాల్లో మలపరీక్ష రిపోర్టు చేతికిస్తే ఏం చేసుకోవాలి?

పోనీ బ్యాక్టీరియానే మార్చేస్తే? డెన్మార్క్‌లో అదీ చేసి చూశారు. సోరియాసిస్‌తో పాటు వచ్చే కీళ్లవాతం, సోరియాటిక్ ఆర్థరైటిస్ ఉన్న 15 మందికి ఆరోగ్యవంతుల మలం నుంచి తీసిన ద్రావణం పేగులోకి ఎక్కించారు, 16 మందికి ఉత్తుత్తిది. 2021లో ఫలితం వచ్చింది: అసలుది అందుకున్నవాళ్లలో 9 మందికి చికిత్స విఫలం, ఉత్తుత్తి గుంపులో ముగ్గురికే. చిన్న ప్రయోగం, దీంతోనే తలుపులు మూసేయక్కర్లేదు. కానీ క్యాప్సూల్ నమ్ముకుని, కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మందు మానేస్తే ఆలోపు అరిగిన ఎముక మళ్లీ రాదు.

పేగుకీ కీలుకీ ఉన్న బంధానికి నాకు బాగా నచ్చిన సాక్ష్యం ఒక పాత మాత్ర, సల్ఫసలజీన్. పసుపూ నారింజా కలిసిన రంగు. వేసుకుంటే మూత్రమూ అదే రంగుకి తిరుగుతుంది, ముందే చెప్పకపోతే రోగి కామెర్లనుకుని హడలిపోతాడు. కీళ్లవాతం సూక్ష్మజీవుల పనేనన్న నమ్మకంతో స్వీడన్ వైద్యురాలు నానా స్వార్ట్స్ 1930ల చివర్లో దీన్ని చేయించింది. ఒక సల్ఫా మందునీ, ఆస్పిరిన్ చుట్టమైన సాలిసిలేట్‌నీ కలిపి ఒకే అణువుగా కట్టించింది. ఆ ముడిని విప్పేది పెద్దపేగులోని బ్యాక్టీరియా. విడిపోయాక సల్ఫా ముక్క రక్తంలోకి వెళ్తుంది, రెండోది చాలావరకు పేగులోనే ఉండి పనిచేస్తుంది. అందుకే ఈ మాత్రని రుమటాలజిస్టూ రాస్తాడు, పెద్దపేగులో పుండ్లు పడితే గ్యాస్ట్రో డాక్టరూ రాస్తాడు. వీడియోల వాళ్లు మాత్రం దీని పేరెత్తరు. ఎప్పుడో పేటెంటు తీరిపోయిన మందు, మందులషాపులో చీటీ చూపిస్తే ఇచ్చేస్తారు.