విరాటరాజు దిబ్బ కింద ఎవరున్నారు?

మెక్సికో నగరానికి ఈశాన్యంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో తియోతివాకాన్ అనే పాడుపడ్డ మహానగరం ఉంది. ప్రాచీన నాగరికతల పేపరు చదివిన ప్రతివాడికీ అక్కడి సూర్య పిరమిడ్ తెలుసు. 200 అడుగులు దాటిన ఎత్తు, లక్షకు పైబడిన జనాభా అని పరీక్షలో టకటకా రాసేస్తాం. ఆ నగరం వెలుగుతున్న రోజుల్లోనే, క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో, మన ఖమ్మానికి 20 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, నేలకొండపల్లి దగ్గర మట్టికోట గోడ లోపల ఒక పట్టణం బతికింది. దాన్ని గురించి నాలుగు వాక్యాలు చెప్పమంటే మనలో ఎంతమందిమి చెప్పగలం? రామదాసు పుట్టిన ఊరు అంటాం. అంతటితో సరి.

ఇతర దేశాల చరిత్ర చదవొద్దని నేననడం లేదు. తియోతివాకాన్ సంగతి తెలిస్తేనే మన దిబ్బ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ పేరు ఆ నగరవాసులు పెట్టుకున్నది కాదు. 6వ శతాబ్దంలో నగరం తగలబడి క్షీణించింది. కొన్ని వందల ఏళ్ల తర్వాత వచ్చిన ఆజ్టెక్కులు ఆ శిథిలాలను చూసి, ఇది మనుషుల పని కాదు, దేవతలు పుట్టిన చోటు అనుకొని ఆ పేరు పెట్టారు. నడివీధి పక్కనున్న దిబ్బలు సమాధులనుకొని దానికి మృతుల వీధి అన్నారు. తవ్వి చూస్తే అవి సమాధులు కావు, గుళ్ల అరుగులు!

మన దగ్గర జరిగిందీ ఇదే. నేలకొండపల్లిలో సుమారు 100 ఎకరాల చుట్టూ మట్టిగోడ. దానికి జనం పెట్టుకున్న పేరు విరాటరాజు దిబ్బ. పక్కనే కీచక గుండం. పాండవుల అజ్ఞాతవాసం ఇక్కడే గడిచిందని ఊరి నమ్మకం. 1970, 80 దశకాలలో పురావస్తు శాఖ వారు తవ్వితే బయటపడింది వేరు. మహాస్తూపం, విహారాల పునాదులు, బావులు, నీటితొట్లు, మట్టిబొమ్మలు, కంచు బుద్ధవిగ్రహం, సున్నపురాతిలో చెక్కిన చిట్టి స్తూపం. అటు నాగార్జునకొండలో ఇక్ష్వాకులు ఏలుతున్న కాలపు బౌద్ధ పట్టణమన్నమాట. తమాషా ఏమంటే, విరాటుని రాజధానిగా పండితులు ఎక్కువగా చెప్పే రాజస్థాన్‌లోని బైరాట్‌లోనూ అశోకుని నాటి బౌద్ధ శిథిలాలే ఉన్నాయి. విరాటరాజుకూ బౌద్ధ భిక్షువులకూ ఏం చుట్టరికమో!

ఇద్దరు మిత్రులతో నేను అక్కడికి వెళ్లినపుడు గట్టు మీద గొడ్లు కాస్తున్న ఒక పెద్దాయన "ఇది విరాటరాజు కొలువు బిడ్డా, ఈడనే పాండవులు దాసుకున్నరు" అన్నాడు. "మరి ఆ స్తూపం ఎవరు కట్టిండ్రు తాతా?" అని అడిగాను. "అదా? అది గవర్నమెంటోళ్లది" అన్నాడు. నవ్వు రాలేదు నాకు. దిబ్బ ఆయనది, స్తూపం సర్కారుది. ఈ రెంటికీ మధ్య వంతెన వేయవలసిన చదువుకున్నవాళ్లం మనం ఆ దారినే కోదాడ బస్సులో పోతూ కిటికీలోంచి కూడా చూడం.

పుక్కిటి పురాణమని పెద్దాయన మాటను కొట్టిపారేసే మేధావులతో నాకు పేచీ ఉంది. ఇక్కడ ఏదో గొప్పది ఉండేదన్న జ్ఞాపకాన్ని వందల ఏళ్లు మోసుకొచ్చింది ఆ కథే. కాని ఆ కథ ఒక్కటే మిగిలితే నష్టపోయేదెవరు? ఇటుకలు కాల్చినవాడు, బావి తవ్వినవాడు, బొమ్మలు చేసినవాడు. వాళ్లను ఎవరూ తలచుకోరు.

ఇక అడవి వైపు పోదాం. మణుగూరు దాటి పినపాక మండలంలోని జానంపేటలో, గోదావరి ఒడ్డు అడవుల్లో, బండలు పేర్చి కట్టిన ఇనుపయుగపు సమాధులున్నాయి. ఆ ప్రాంతాల్లో శిలువ ఆకారంలో నిలిపిన రాళ్లున్నాయి. క్రీస్తు పుట్టుకకు ముందువని పరిశోధకులు చెప్పే ఆ రాళ్లను చూసి, 19వ శతాబ్దంలో వచ్చిన తెల్లదొరలు ఇక్కడ కిరస్తానీ మతం ఎప్పుడో ఉండేదేమో అని కూడా తర్కించుకున్నారు. ఎవరి కళ్లజోడు వారిది! ఇటువంటి సమాధులకు మన పల్లెల్లో పేరు రాక్షస గుళ్లు. పెద్ద ఇటుక కనబడితే రాజు, పెద్ద బండ కనబడితే రాక్షసుడు. మధ్యలో మామూలు మనిషి లేడు. చనిపోయినవారి పేర రాయి నిలిపే ఆచారం ఈ అడవుల్లో కోయలకు ఉంది. ఆ సమాధులు వారి పూర్వులవే అని నేను తేల్చి చెప్పలేను. కాని అటువంటి ఆచారమున్న మనుషుల మధ్య నిలబడి సమాధి కట్టినవాణ్ణి రాక్షసుడనడం నాకు మింగుడుపడదు.

తియోతివాకాన్ సామాన్యుల సంగతి లోకానికి తెలిసింది కేవలం తవ్వకాలతో కాదు. 1962లో రెనె మిలన్ అనే ఆచార్యుడు మొదలుపెట్టిన సర్వేలో పరిశోధకులు పొలాల వెంట నడిచి, పైకి తేలిన కుండపెంకులు చూసి, ఇంటింటి గుర్తులు పటంలో ఎక్కించారు. ఆ పటం 1973లో అచ్చయింది. సుమారు 20 చదరపు కిలోమీటర్ల నగరం, 2,000కు పైగా ఇళ్ల సముదాయాలు, కుమ్మరుల వాడలు, పరాయి ప్రాంతాల నుంచి వచ్చినవారి పేటలు తేలాయి. కాళ్లు, కళ్లు, కాగితం. మనకు ఈ మూడింటికీ కొరత లేదు కదా!

కనుక మన సంఘానికి నాదొక సూచన. విహారయాత్రంటే ఊటీ, అరకు అనే పట్టుదల ఒక్క ఏడాది సడలించండి. ఒక రోజు నేలకొండపల్లికి, మరో రోజు జానంపేటకు పోదాం. చరిత్రవాళ్లే కాదు, తెలుగు, భూగర్భశాస్త్రం మిత్రులూ రావాలి. మన వెంట ఆ ప్రాంతపు కోయ విద్యార్థులు ఉంటారు, వారు ముందు నడవాలి. పెంకులు జేబులో వేసుకు రావద్దు, రాసుకురండి చాలు. మీ మీ ఊళ్లలోని దిబ్బల పేర్లు, వాటి గురించి అవ్వలూ తాతలూ చెప్పే కథలు కూడా ఎవరు చెప్పింది వారి పేరుతో రాయండి. ఆ నివేదికకు వచ్చే సంచికలో పది పేజీలు విడిచిపెట్టమని సంపాదక మిత్రులను ఇప్పుడే అడుగుతున్నాను. చోటు చాలకపోతే నా వ్యాసం తీసేసినా సరే.