పాత నాణేల నకళ్లు అమ్మనివ్వండి, ముద్ర వేసి

ఒకవైపు ‘ఈస్టిండియా కంపెనీ, వన్ అణా, 1818’ అని ఇంగ్లిషు అక్షరాలు, రెండోవైపు సీతా లక్ష్మణ సమేతుడైన పట్టాభిషేక రాముడు, కాళ్ల దగ్గర హనుమంతుడు. ఇలాంటి ఇత్తడి, రాగి బిళ్లలు మన ఇళ్లలో దేవుడి గూళ్లలో కనిపిస్తుంటాయి. కంపెనీ ఇలాంటి నాణెం ఎన్నడూ వేయలేదు. బ్రిటిష్ ఇండియాలో అణా అని రాసిన అణా బిళ్ల వాడకంలోకి వచ్చింది 1907లో, అప్పటికి కంపెనీ పాలన పోయి యాభై ఏళ్లకు అటూ ఇటూ అవుతోంది. కంపెనీ దేవుళ్ల బొమ్మలు వేయలేదా అంటే వేసింది. మద్రాసులో కొట్టిన బంగారు వరహాల మీద శ్రీదేవి, భూదేవి సమేతంగా వేంకటేశ్వరుడు ఉన్నాడు. కాబట్టి ఈ బిళ్ల గుట్టు దేవుడి బొమ్మలో కాదు, ఆ అణాలో, ఆ సంవత్సరంలో ఉంది. తూకానికి పాత ఇత్తడి ధర పలకని ఈ బిళ్లకు ఒక కథ తోడైతే చాలు. పిడుగు పడిన లోహం, బియ్యపు గింజలను దగ్గరకు లాక్కుంటుంది, విదేశీ కంపెనీలు కోట్లు పెట్టి కొంటాయి అని నమ్మించే ‘రైస్ పుల్లింగ్’ ముఠాలను హైదరాబాద్ చుట్టుపక్కల పోలీసులు ఎన్నోసార్లు పట్టుకున్నారు. అయినా ఏటా కొత్త ముఠా తయారవుతూనే ఉంది, నమ్మేవాళ్లూ దొరుకుతూనే ఉన్నారు.

ఇలాంటి మోసానికి మూడు దినుసులు కావాలి: నేలలో నిజంగా పాత చరిత్ర ఉండాలి, ఆ నేలను ఎవరో ఒకరు తవ్వుతూ ఉండాలి, చేతిలో కాస్త కొత్త డబ్బు ఆడాలి. హైదరాబాద్ శివార్లలోని మొయినాబాద్, చేవెళ్ల మండలాల్లో ఈ మూడూ పుష్కలం. 2023లో పురావస్తు పరిశోధకులు ఈమని శివనాగిరెడ్డి మొయినాబాద్ మండలం ఎనికేపల్లిలో రెండు జైన స్తంభాలను గుర్తించారు. నాలుగు వైపులా తీర్థంకరులు, రాతి మీద శాసనం. తొమ్మిది, పదో శతాబ్దాల నాటివని అంచనా. ఎక్కడి నుంచో శిథిలమైన జైన బసది రాళ్లను తెచ్చి ఊరి చెరువు తూముకు బిగించారు. వెయ్యేళ్ల నాటి రాయి చెరువు తూములో దొరికిన చోట, పొలంలో లంకెబిందె దొరికిందని ఎవరైనా చెబితే కొట్టిపారేయడం కష్టం. పైగా బీజాపూర్ రోడ్డు పొడుగునా ఫామ్‌హౌస్‌లకూ వెంచర్లకూ జేసీబీలు నేలను తిరగేస్తున్నాయి. వారాంతాల్లో చిలుకూరు బాలాజీ గుడికి వచ్చే జనం సంగతి చెప్పనక్కర్లేదు. హుండీయే లేని ఆ గుడి ఉన్న మండలంలో డబ్బు పుట్టించే బిళ్ల మీద నమ్మకం పెరగడం వింతే. నిజమైన చరిత్ర దగ్గర్లో ఉన్నప్పుడే అబద్ధపు నాణేనికి గిరాకీ అని మాత్రం ఇక్కడ తేలిగ్గా అర్థమవుతుంది.

అలాగైతే పాత నాణేల నకళ్లను తయారు చేయడమే నిషేధిస్తే పోదా? ఈ మాట వినడానికి బాగుంటుంది కానీ నిలవదు. నాణేనికి నకలు తీయడం మన నేల మీద రెండు వేల ఏళ్ల నాటి అలవాటు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో 1940 దశకంలో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో జరిగిన తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ నాణేలను చూసి చేసిన మట్టి బిళ్లలు కూడా దొరికాయి. దారానికి గుచ్చి మెడలో వేసుకోవడానికి వాటికి కొక్కేలు ఉన్నాయి. రోమన్ బంగారం కొనే స్తోమత లేనివారు రోమన్ చక్రవర్తి బొమ్మను మట్టిలో వేసుకుని మురిసిపోయారన్నమాట. మన కాసులపేరు కూడా అదే వరసలోది. అందులో ఉన్నవి బజారులో చెల్లే కాసులు కావని వేసుకున్నవారికీ తెలుసు, చూసినవారికీ తెలుసు. ఎవరూ మోసపోలేదు, ఎందుకంటే ఆ కొక్కెం, ఆ పేట తామేమిటో తామే చెబుతున్నాయి. కొన్నిసార్లు అసలు పోయాక నకలే సాక్ష్యంగా మిగులుతుంది కూడా. షాజహాన్ వేయించిన రెండు వందల మొహర్ల బంగారు నాణెం ఇవాళ ఎక్కడుందో తెలియదు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న దాని అచ్చు వల్లే దాని రూపురేఖలు మనకు తెలుస్తున్నాయి. నిజాం వంశీకుల చేతిలో ఉండి 1987లో జెనీవా వేలందాకా వెళ్లిన పన్నెండు కిలోల జహంగీర్ మొహరుకు అచ్చులాంటి నకలొకటి చేయించి హైదరాబాద్‌లో పెట్టి ఉంటే, ఆ నాణెం ఎంతుంటుందో మన పిల్లలు కళ్లతో చూసేవారు.

తప్పు నకలులో లేదు, తాను నకలునని చెప్పకుండా తిరగడంలో ఉంది. మన చట్టాలు ఈ తేడాను పట్టించుకోవు. భారతీయ న్యాయ సంహితలో దొంగనాణేల నేరం ఇప్పుడు డబ్బుగా చెలామణిలో ఉన్న నాణేలకే వర్తిస్తుంది. శాతవాహనుల సీసపు నాణేనికో, నిజాం చార్మినార్ రూపాయికో ఎవరైనా నకలు పోస్తే అది ఆ నేరం కిందకు రాదు. 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్లు దాటిన అసలు వస్తువుల గురించి మాట్లాడుతుంది. నిన్న పోతపోసిన బిళ్ల దాని పరిధిలోనే లేదు. మిగిలింది మోసం కేసు ఒక్కటే, అదీ మోసపోయినవాడు స్టేషన్ మెట్లెక్కితేనే. వాడు ఎక్కడు. ఎందుకంటే ‘పొలంలో దొరికిన నిధి, కలెక్టరుకు తెలియకముందే కొనుక్కో’ అన్న మాట నమ్మి డబ్బిచ్చినవాడికి తానూ తప్పు చేశానని తెలుసు. అమ్మేవాడికి ఆ సిగ్గే కాపలా. ఇక ఆన్‌లైన్ ప్రకటనల్లో పాత ఐదు రూపాయల బిళ్లకు లక్షలిస్తామంటూ ముందుగా ‘ఫీజు’ రాబట్టే రకం వేరే ఉంది. తమ పేరు వాడుకుని ఇలా వసూళ్లు చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించాల్సి వచ్చింది.

ఫిర్యాదు కోసం ఎదురుచూసే చట్టం ఇక్కడ పనికిరాదు కనుక, వస్తువు పుట్టిన చోటే పట్టుకోవాలి. అమెరికా 1973లో చేసిన చట్టం ప్రకారం పాత నాణేల నమూనాల మీద ‘కాపీ’ అన్న మాట చెరగకుండా, స్పష్టంగా అచ్చొత్తాలి. 2014లో దాన్ని సవరించి అమ్మేవారి మీదా బాధ్యత పెంచారు. మనమూ ‘నకలు’ అన్న మాటను నాణెం ముఖం మీదే, అంచున కాకుండా, లోతుగా దిగేలా కొట్టాలని నిబంధన పెట్టవచ్చు. దొంగ తనంతట తాను ముద్ర వేస్తాడా అని వెంటనే ఎవరైనా అడుగుతారు. వేయడు, నిజమే. కానీ అప్పుడు ముద్ర లేని నకలు దొరకడమే నేరం అవుతుంది. పోత పోసే కార్ఖానా మీద, టోకు వ్యాపారి మీద, ఆన్‌లైన్ అంగడి మీద కేసు పెట్టడానికి మోసపోయినవాడి సాక్ష్యం అక్కర్లేదు. బంగారం నగలకు 2021లో హాల్‌మార్కు తప్పనిసరి చేశాక మోసాలు మాయం కాలేదు, అయితే కొనేవాళ్లు ముద్ర ఏదీ అని అడగడం నేర్చుకున్నారు. ముద్రను అరగదీస్తారన్న అభ్యంతరం ఇంకొంచెం గట్టిది. పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ మ్యూజియం కోసం రాబర్ట్ రెడీ చేసిన నకళ్లకు అంచున ఆయన పొడి అక్షరాలు ఉండేవి. అంచును అరగదీయడం అంత కష్టమేం కాదు. అందుకే ముఖం మీదే కొట్టాలనేది, బరువూ లోహమూ కూడా అసలుకు సరిపోకుండా ఉండాలనేది. ముఖాన్ని గీకితే బొమ్మ చెడుతుంది, బొమ్మ చెడిన నాణేన్ని ఎవడూ లక్షలకు కొనడు.

నాణేల సేకరణలో పండిపోయినవాళ్లు మాత్రం నకళ్లు ఎన్ని పెరిగితే అసలు నాణేల బజారు అంత కలుషితమవుతుందని భయపడతారు. ఆ బజారు ఇప్పటికే కలుషితమై ఉంది, అదీ ముద్ర లేని సరుకుతో. మంచి నకలు చౌకగా, బాహాటంగా దొరికితే కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాడు దొంగ సరుకు కొని చేతులు కాల్చుకునే అవసరం తగ్గుతుంది. అందుకు ప్రభుత్వమే ముందుకు రావాలి. 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి, ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు. శాతవాహనుల వెండి నాణేల మీద ఒకవైపు రాజు ముఖం చుట్టూ ప్రాకృతం, రెండోవైపు ద్రావిడ భాష ఉన్నాయి. తెలుగు నేల మీద రెండు భాషల పాలన ఎంత పాతదో చెప్పడానికి అంతకన్నా చిన్న పాఠ్యపుస్తకం ఉండదు. వీటిని అద్దాల వెనక చూసి పిల్లలు ముందుకు సాగిపోతారు. సైఫాబాద్‌లో 1903 నాటి టంకశాల భవనం ఉంది, 2022లో అక్కడ మ్యూజియమూ తెరిచారు. చర్లపల్లిలో ఇప్పటి టంకశాల నడుస్తోంది. నాణెం కొట్టడం వచ్చిన చేతులు ఊళ్లోనే ఉన్నప్పుడు, ముద్ర వేసిన శాతవాహన నకళ్లను పెట్టెలో పెట్టి చేవెళ్ల, మొయినాబాద్ బడులకు పంపడం పెద్ద ఖర్చేమీ కాదు. సీసంతో మాత్రం చేయకూడదు, అది పిల్లల ఒంటికి విషం. వేరే లోహం వాడితే బరువు తేడా కూడా దానంతట అదే వస్తుంది. వీసా వచ్చాక చిలుకూరులో నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసి అమెరికా వెళ్లేవాళ్లకు చార్మినార్ రూపాయి నకలు ఒకటి అమ్మినా తప్పు లేదు.

ఈ పెట్టెల వల్ల అసలు ప్రయోజనం పొలాల్లో కనిపిస్తుంది. సీసపు బిళ్లను ఎన్నడూ చూడని రైతుకు దున్నేటప్పుడు అది నాణెమని తోచదు. తోచినా, నోరు మెదిపితే ప్రభుత్వం లాక్కుంటుందని భయం. 1878 నాటి నిధుల చట్టం నిజానికి అంత కఠినమైనది కాదు. పది రూపాయలకు మించిన విలువున్న నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. యజమాని ఎవరూ తేలకపోతే కనుగొన్నవారికీ భూమి గలవారికీ వాటాలున్నాయి. ప్రభుత్వమే తీసుకోదలిస్తే లోహం విలువకు ఐదో వంతు కలిపి చెల్లించాలి. దాచిపెడితేనే వాటా పోయి శిక్ష పడుతుంది. ముద్ర నిబంధనకు ఢిల్లీ నుంచి చట్టం రావాలి, దానికి ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేం. కానీ నిధుల చట్టంలోని ఈ నాలుగు ముక్కలను తెలుగులో రాసి చేవెళ్ల ఆర్డీవో కార్యాలయం గోడకూ, పంచాయతీ నోటీసు బోర్డులకూ అంటించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.