680 డాలర్లు, 8,000 రూపాయలు

"మన టాక్సులతో సోషియాలజీ పీహెచ్‌డీలు ఎందుకు?" మా సాఫ్ట్‌వేర్ వాళ్ళలో ఈ మాట అననివాళ్ళు తక్కువ. అనేవాళ్ళంతా రోజూ లింక్డిన్ తెరుస్తారు. అక్కడ మనిషి పేరు పక్కన 2nd అనో 3rd అనో చూపించే ఆ దూరాల లెక్క వెనక ఓ చిన్న గ్రాంటు కథ ఉంది.

1960లలో హార్వర్డ్‌లో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే ముప్పయ్యేళ్ళ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి ఒక సందేహం వచ్చింది. ముక్కూమొహం తెలియని ఇద్దరి మధ్య ఎంతమంది పరిచయస్తులుంటారు? అక్కడి సోషల్ రిలేషన్స్ లేబొరేటరీ మొదట ఇచ్చింది 680 డాలర్లు. (ఆయన సైకాలజిస్టు కదా అంటారేమో, ప్రశ్న మాత్రం అచ్చంగా సోషియాలజీదే.) 1969లో జెఫ్రీ ట్రావర్స్‌తో కలిసి వేసిన పేపర్లో 296 మందితో మొదలుపెడితే బోస్టన్‌లోని స్టాక్‌బ్రోకర్ దాకా చేరినవి 64. చేరిన వాటిలో మధ్యవర్తులు సగటున 5.2. మిగతావి దారిలోనే ఆగిపోయాయి. ఆ చేరనివాటి సంగతేమిటని తర్వాతివాళ్ళు నిలదీశారు, న్యాయంగానే. 2011లో ఫేస్‌బుక్ 72 కోట్ల మంది మీద అదే లెక్క వేస్తే ఇద్దరి మధ్య సగటు దూరం 4.74 అని తేలింది.

ఆ 680 డాలర్లని ఇవాళ ఓ పెద్ద ప్రాజెక్టు దరఖాస్తులో అడిగి చూడండి. "ఆశించే ఫలితాలు" అన్న గడిలో ఏం రాస్తారు? ఉత్తరాలు చేరతాయో లేదో తెలీదనా? మా ఆఫీసుల్లో దీన్ని పీఓసీ అంటాం. రెండు వారాలు చెయ్యి, పనికిరాకపోతే పారేద్దాం అంటాం. ఆ రెండు వారాల జీతానికి లెక్క అడిగినవాడు లేడు. ఒక రీసెర్చ్ స్కాలర్‌కి అదే వెసులుబాటు ఇస్తే దుబారా అయిపోతుంది.

ఇక్కడ వెసులుబాటు దాకా ఎందుకు, తిండి ఖర్చే వివాదం. యూజీసీ నాన్-నెట్ ఫెలోషిప్ పీహెచ్‌డీకి నెలకి 8,000. అదీ సెంట్రల్ యూనివర్సిటీల్లోనే, ఉస్మానియాలో చేరితే అదీ లేదు. 2015 అక్టోబర్లో దాన్నీ తీసేద్దామనుకున్నారు. పిల్లలు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు రాత్రిళ్ళు రోడ్డు మీద పడుకుంటే గానీ వెనక్కి తగ్గలేదు. సరిగ్గా ఆ నెలల్లోనే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేములకి ఫెలోషిప్ అందడం లేదు. 2016 జనవరిలో అతను రాసిపెట్టి పోయిన ఉత్తరంలో రావలసిన బాకీ ఉంది: ఏడు నెలలు, 1,75,000 రూపాయలు. చిన్న మొత్తాలని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు ఆ అంకె గుర్తొస్తుంది.

సర్కారు ఇవ్వకపోతే కంపెనీలున్నాయిగా అంటారు. సీఎస్ఆర్ చట్టంలో ఏడో షెడ్యూలు తీసి చూడండి. పరిశోధనకని ఉన్న పద్దులో సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, వైద్యం రాసుంది. సమాజం గురించి పరిశోధన అన్న మాటే లేదు. నిజానికి ఉన్నా ఇస్తారని నాకు నమ్మకం లేదు. రిఫరల్ బోనస్ ఇచ్చి మనుషుల్ని తీసుకునే మా గచ్చిబౌలి కంపెనీల్లో ఎవరు ఎవర్ని రిఫర్ చేస్తున్నారు, ఆ గొలుసు ఏ కులం గీత దగ్గర తెగుతోంది? మిల్‌గ్రామ్ ప్రశ్నే ఇది, మన ఊళ్ళో. దీనికి ఏ హెచ్ఆర్ చెక్కు రాస్తుంది?

ఎస్.సి. దూబే 1951-52లో ఉస్మానియా బృందంతో శామీర్‌పేటలో తిరిగి, 1955లో 'ఇండియన్ విలేజ్' తెచ్చాడు. ఇప్పుడు శామీర్‌పేట ఔటర్ రింగ్ రోడ్డుకి ఒక ఎగ్జిట్. ఆ ఊరు ఏమైందో రాయడానికి ఓ పాతికేళ్ళ పిల్లకి కావలసింది ఏడాది గది అద్దె, బస్సు ఛార్జీలు, ఒక రికార్డరు. మా టీమ్ ఔటింగ్‌కి ఒక వీకెండ్‌లో రిసార్టు వాడికి ఇచ్చేది అంతకన్నా ఎక్కువే ఉంటుంది, అదీ శామీర్‌పేటలోనే.