సైకిలు చైను సాగుతుందా?

పేరాల ఇసుకదారుల్లో సైకిలు తొక్కే పిల్లలకు చైను చేసే అల్లరి తెలియనిది కాదు. లేచి నిలబడి గట్టిగా తొక్కేసరికి టక్కుమని జారుతుంది. కాలు పెడలు తప్పుతుంది. వెనుక లారీ వస్తూవుంటే అది నవ్వులాట కాదు! షాపులో చూపిస్తే, "చైను సాగిపోయింది, కొత్తది వెయ్యాలి," అంటారు. ఉక్కు కూడా రబ్బరులాగా సాగుతుందా?

సాగదు. చైనును దగ్గరగా చూడండి. కీలు కీలుకూ ఒక సీల, సీల చుట్టూ గొట్టం, దానిపైన తిరిగే రోలరు. ఈ అమరికకు 1880లో మాంచెస్టరులో హాన్స్ రెనోల్డు అనే ఇంజనీరు పేటెంటు తీసుకొన్నాడు. ఆయన మొదట చైన్లు చేసింది సైకిళ్ళకు కాదు, నూలు యంత్రాలకు. మన నేతగాళ్ల పిల్లలు ఈ మాట గుర్తుంచుకోవాలి!

సీల గొట్టంలో తిరిగినప్పుడల్లా రవ్వంత అరుగుతుంది. సముద్రపు ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. ఇసుక చేరితే ఆకురాయి పెట్టినట్టే. రెండు సీలల మధ్య అర అంగుళం దూరం. 24 కీళ్ళకు 12 అంగుళాలు రావాలి. కీలుకు అంగుళంలో 200వ వంతు అరిగినా చాలు, 24 కీళ్ళకూ కలిసి సుమారు 8వ వంతు పెరుగుతుంది. దర్జీ టేపు పెట్టి కొలవండి. అంత పెరిగితే చైను మార్చవలసిందే. ఆలస్యం చేస్తే పళ్ళచక్రాలు కూడా పాడవుతాయి. అరిగి కొక్కేలైన పళ్ళమీద కొత్త చైను కూడా జారుతుంది. వెనుక చక్రానికి పళ్ళు తక్కువ గనుక ముందు అరిగేది అదే.

ఇక బిగించడం. పెద్దవాళ్ళెవరినైనా పక్కన వుంచుకోండి. చైను తిరిగేటప్పుడు వేళ్ళు దగ్గరకు పోనివ్వకండి. పాత చైను పొడవునుబట్టి కొత్తది తెంపితే లెక్క తప్పుతుంది. పాతది పెరిగివుంది కదా! అందుకని లింకులే లెక్కపెట్టాలి. వెనుక చక్రం నట్లు వదులుచేసి, చక్రాన్ని కాస్త ముందుకు జరపండి. చైను రెండు కొసలనూ వెనుక పళ్ళమీదకు తెచ్చి కలిపితే జారిపోకుండా నిలుస్తాయి. కలిపే లింకుకు చేప ఆకారంలో క్లిప్పు వుంటుంది. చైను ముందుకు నడిచే వైపు చేప తల వుండాలి. తోక ముందుంటే దేనికైనా తగులుకొని క్లిప్పు ఊడిపోతుంది.

చక్రాన్ని వెనక్కు లాగి, వంకర లేకుండా చూచి నట్లు బిగించండి. చైను మధ్యలో వేలితో ఎత్తితే అర అంగుళం ఆడాలి. పెడలును నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి, ఎక్కడ బిగువుగా వుందో అక్కడ చూడాలి. మరీ బిగిస్తే తొక్కడం బరువు.

కీలు కీలుకూ ఒక్క చుక్క నూనె వేసి, పావుగంట ఆగి, పైనున్న నూనెను గుడ్డతో శుభ్రంగా తుడిచేయండి. నూనె కావలసింది లోపలి సీలకు. పైన మిగిలితే దారిలోని ఇసుకంతా దానికే అంటుకొంటుంది.