ఛాతీలోకి చేరిన అవయవాలు, తల్లిపై మోపిన నింద

ఛాతీని, కడుపును వేరుచేసే కండరపు తెరను ఉదరవితానం అంటారు. సుమారు 2,500 నుంచి 3,500 జననాలలో ఒక శిశువుకు ఈ తెర పూర్తిగా మూసుకోక, పేగులు, జీర్ణాశయం, ప్లీహం ఛాతీలోకి చేరి ఊపిరితిత్తులను ఎదగనివ్వవు. మరీ అరుదుగా మూత్రపిండమూ అక్కడికే చేరి, ఎక్స్‌రేలో కణితిలా కనబడుతుంది. అటువంటి బిడ్డ పుడితే గ్రహణంనాడు తల్లి కత్తిపీట పట్టిందని, పుట్టిన నక్షత్రం మంచిది కాదని, పూర్వజన్మ పాపమని చెప్పే నోళ్లకు కొదవ లేదు.

పిండం ఎదిగే క్రమాన్ని గమనిస్తే ఈ మాటలేవీ నిలవవు. ఉదరవితానం నాలుగో వారంలో ఏర్పడటం మొదలై పదో వారానికల్లా పూర్తవుతుంది కాబట్టి, ఏడో నెలలో పట్టిన గ్రహణం దానికి చిల్లు పెట్టజాలదు. అప్పటిదాకా బొడ్డుతాడులో పెరిగిన పేగులు పదో వారంలో కడుపులోకి తిరిగి వచ్చేసరికి వెనుకవైపు సందు మూసుకోకుంటే, అవి అందులోంచి పైకి పోతాయి. 1848లో ప్రాగ్ శరీరశాస్త్రజ్ఞుడు బోఖ్‌డాలెక్ వర్ణించిన సందు ఇదే. మూత్రపిండం కటి భాగంలో పుట్టి సహజంగానే పైకి జరిగే అవయవం గనుక, తెర మూసుకోని చోట అది హద్దు దాటగలదు. ఇలాంటి లోపాలలో 80 శాతానికి పైగా ఎడమవైపే ఉంటాయి. ఎడమ సందు ఆలస్యంగా మూసుకోవడం, కుడివైపు కాలేయం అడ్డుగా ఉండటం ఇందుకు కారణాలుగా చెబుతారు. గ్రహదోషానికి కుడి ఎడమల తేడా ఎందుకుండాలో ఏ జాతకమూ చెప్పదు. కొందరిలో క్రోమోజోముల, జన్యువుల మార్పులు కనబడతాయి, చాలామందిలో కారణం ఇంకా తేలలేదు. అయితే కారణం తేలకపోవడం తల్లిని దోషిని చేయడానికి ఆధారం కాదు.

నమ్మకం చేసే హాని నిందతో ఆగదు. పుట్టగానే ఆయాసపడుతూ, పొట్ట లోపలికి పోయి, గుండె చప్పుడు కుడివైపు వినిపించే బిడ్డకు కావలసింది శ్వాసనాళంలో గొట్టం, జీర్ణాశయంలోని గాలిని తీసే మరో గొట్టం, పరిస్థితి కుదుటపడ్డాక శస్త్రచికిత్స. తాయెత్తుకు, శాంతిపూజకు, వాతలకు గడిచే ప్రతి గంటా ఆ బిడ్డ ఊపిరిలోంచి పోయేదే. చాలా సందర్భాలలో ఈ లోపం గర్భం అయిదో నెల స్కానింగులోనే బయటపడుతుంది గనుక, గ్రహణానికి భయపడి గర్భిణిని చీకటిగదిలో పడుకోబెట్టే శ్రద్ధను ఆ స్కానింగు చేయించడంలో, శిశు శస్త్రచికిత్స ఉన్న ఆసుపత్రిలో కాన్పు ఏర్పాటు చేయడంలో చూపాలి. తల్లిని తప్పుపట్టే మాట ఇంట్లో ఎవరి నోట వచ్చినా, అక్కడికక్కడే ఖండించాలి.