పద్నాలుగు రోజులు, పది ఊళ్ళు, ఒక ఎక్సెల్ షీటు

మొన్న లంచ్ టైములో మా టీము కుర్రాడొకడు లాప్‌టాప్ నా ముందు పెట్టి, "అన్నా, యూరప్ ప్లాను రెడీ. ఒక్కసారి రివ్యూ చెయ్యవా" అన్నాడు. చూశాను. ఎక్సెల్ షీటు, 14 వరసలు, ఊరికో రంగు. లండన్, పారిస్, బ్రస్సెల్స్, ఆంస్టర్‌డాం, కొలోన్, లూసర్న్, మిలన్, వెనిస్, ఫ్లోరెన్స్, రోమ్. లెక్కపెట్టాను, సరిగ్గా 10. కూడా వచ్చేది వాళ్ళమ్మా నాన్నా. ఇద్దరికీ ఇదే మొదటి విదేశీ ప్రయాణం.

"ఎలా ఉంది?" అన్నాడు.

"ఈ డెడ్‌లైను నీకు ఏ క్లయింటు ఇచ్చాడ్రా?" అన్నాను. వాడు నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నా గొడవేంటంటే... రెండు వారాల్లో పది ఫీచర్లు కావాలని మేనేజరు అడిగితే మనం ఏం చేస్తాం? కాంటీన్‌లో కూర్చుని వాణ్ణి గంటసేపు తిడతాం. టెస్టింగుకి టైమేదీ, ఇంటిగ్రేషనుకి టైమేదీ, బఫర్ ఏదీ, వీడెప్పుడైనా కోడు రాశాడా అంటాం. అదే మనం మన సొంత డబ్బుతో, ఏడాదంతా దాచుకున్న సెలవులతో, మన సొంత అమ్మానాన్నల మోకాళ్ళ మీద వేసే ప్లానులో ఒక్క గంట బఫర్ ఉండదు! అప్పుడు మనమే ఆ మేనేజరు.

సరే, లెక్కలంటే మనకి భయం లేదు కదా, లెక్కే వేద్దాం.

పది ఊళ్ళంటే తొమ్మిది మార్పులు. రైలు రెండున్నర గంటలే అని షీటులో రాసుకుంటాం. కానీ పొద్దున్నే పెట్టెలు సర్దాలి, గది ఖాళీ చెయ్యాలి, స్టేషనుకి వెళ్ళాలి, ప్లాట్‌ఫారం వెతుక్కోవాలి. దిగాక మళ్ళీ హోటలు వెతుక్కోవాలి, మూడింటికిగానీ గది ఇవ్వమంటే పెట్టెలు అక్కడ పడేసి బయటికి రావాలి. ఎంత తక్కువ వేసినా ఒక్కో మార్పుకి ఐదు గంటలు. తొమ్మిదైదులు నలభై ఐదు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు దాకా, అంటే రోజుకి పది గంటలు తిరగ్గలం అనుకుంటే ఇక్కడే నాలుగున్నర రోజులు హుష్‌కాకి. దిగిన రోజూ, తిరుగు విమానం ఎక్కే రోజూ ఎలాగూ లెక్కలోకి రావు. 14 లోంచి 2 తీస్తే 12, అందులోంచి నాలుగున్నర తీస్తే మిగిలింది ఏడున్నర. పది ఊళ్ళకి ఏడున్నర రోజులు! ఊరికి ముప్పావు రోజు. అందులోనే తిండి, క్యూలు, దారి తప్పడాలు, అమ్మకి బాత్‌రూం వెతకడాలు.

దీన్ని యూరప్ చూడ్డం అనరు. యూరప్‌లో పెట్టెలు మొయ్యడం అంటారు.

1969లో 'ఇఫ్ ఇట్స్ ట్యూజ్‌డే, దిస్ మస్ట్ బి బెల్జియం' అని ఒక హాలీవుడ్ సినిమా వచ్చింది. అమెరికా టూరిస్టులు 18 రోజుల్లో తొమ్మిది దేశాలు చుట్టేస్తుంటారు. మంగళవారం అయితే ఇది బెల్జియమే అయ్యుండాలి అనుకునే బాపతు. అది కామెడీ సినిమా. వాళ్ళని వెక్కిరించడానికి తీసినదాన్ని మనం ఇంకో నాలుగు రోజులు తగ్గించి సీరియస్‌గా ప్లాను చేసుకుంటున్నాం.

ఇక మన వాళ్ళ వాదనలు. నేను విన్నవీ, ఒకప్పుడు నేనే వాదించినవీ.

మొదటిది: "మళ్ళీ ఎప్పుడు వెళ్తాం? వెళ్ళినప్పుడే అన్నీ చూసెయ్యాలి." ఇది వెర్రి వాదన కాదు. టికెట్లు, వీసా, సెలవులు, అన్నీ కలిసొచ్చేసరికి ఏళ్ళు పడుతుంది. మా నాన్న తరం వాళ్ళకి ఒక్కసారి కుదరడమే గొప్ప. కానీ మళ్ళీ రాలేని చోటుకి వెళ్ళినప్పుడు పరుగెత్తాలా, నిలబడాలా? జీవితంలో ఒక్కసారే తినే భోజనాన్ని ఎవరైనా నిలబడి ఐదు నిమిషాల్లో మింగేస్తారా?

రెండోది: "రాత్రి బస్సులో పోతే హోటలు ఖర్చు మిగులుతుంది కదా." శుక్రవారం రాత్రి హైదరాబాదులో బస్సెక్కి తెల్లారి విజయవాడలో దిగే అలవాటు మనది. కానీ విజయవాడలో దిగితే అమ్మమ్మ ఇల్లుంటుంది. వేణ్ణీళ్ళుంటాయి, కాఫీ ఉంటుంది, ఇడ్లీ ఉంటుంది. అక్కడ పొద్దున ఆరింటికి దిగితే మూడింటిదాకా గది ఉండదు. తొమ్మిది గంటలు ఏ స్టేషను బెంచీ మీద కూర్చోబెడతారు అరవయ్యేళ్ళ వాళ్ళని?

మూడోది: "బడ్జెట్ విమానాలు రైలు కన్నా చవక." టికెట్టు చవకే. పెట్టెకి వేరే డబ్బు. పైగా 'పారిస్' అని అమ్మే బొవే ఎయిర్‌పోర్టు పారిస్‌కి దాదాపు 80 కిలోమీటర్ల అవతల ఉంది. ఆ బస్సు ఖర్చూ, ఆ గంటలూ షీటులో ఏ గడిలో ఉన్నాయో చూపించండి.

నాలుగోది: "ప్యాకేజీ టూర్ల వాళ్ళు చూపిస్తున్నారు కదా!" నిజమే. పెద్దవాళ్ళకి ప్యాకేజీలో సుఖం ఉంది, కాదనను. బస్సు హోటలు గుమ్మం దాకా వస్తుంది, రాత్రికి పప్పూ అన్నం దొరుకుతుంది, పెట్టెల బాధ తక్కువ. కానీ వాళ్ళ బస్సు లేకుండా, వాళ్ళ వంటవాడు లేకుండా, వాళ్ళ స్పీడు మాత్రం మనం కాపీ కొడుతున్నాం.

ఇప్పుడు నా సంగతి. రెండేళ్ళ క్రితం మే నెలలో అమ్మనీ నాన్ననీ తీసుకెళ్ళాను. ఎనిమిది ఊళ్ళు, 14 రోజులు. నా షీటు వీడి దానికన్నా అందంగా ఉండేది కూడా. వెనిస్ స్టేషను నుంచి హోటలు నడిచేంత దూరమే అని మ్యాపులో చూసి బుక్ చేశాను. మధ్యలో మూడు వంతెనలున్నాయనీ, వాటికి మెట్లుంటాయనీ, ఆ ఊళ్ళో ఆటో కాదు కదా సైకిలు కూడా తిరగదనీ నా బుర్రకి తట్టలేదు. రెండో వంతెన మీద అమ్మ పెట్టె పక్కన పెట్టి మెట్టు మీద కూలబడింది. "నేనిక్కడే కూర్చుంటా, మీరు చూసి రండిరా" అంది. మర్నాడు పొద్దున ఏడున్నరకి మా రైలు. అంటే వెనిస్‌లో మా అమ్మ చూసింది ఆ మెట్టు.

తర్వాత ఫ్లోరెన్స్. మర్నాడు పీసా వెళ్ళాలి. ఇటలీలో రైళ్ళ సమ్మెలు మామూలేనట, ఆ రోజు మా రైలు రద్దయింది. ఒంగిన గోపురం పోయిందని నేను ఫోను పట్టుకుని గిలగిల్లాడుతుంటే అమ్మ మాత్రం హాయిగా తొమ్మిదింటిదాకా పడుకుంది. తర్వాత సంత్ అంబ్రోజో మార్కెట్‌కి నడిచి వెళ్ళాం. టమాటాలు కొంది. బేరం కూడా ఆడింది, తెలుగులో! వంటగదున్న అపార్ట్‌మెంటు కావడంతో టమాటా పప్పు చేసింది. సాయంత్రం నాన్న శాంతా క్రోచే చర్చి ముందు బెంచీ మీద రెండు గంటలు కూర్చుని వచ్చేపోయే వాళ్ళని చూశాడు.

మొన్న పండక్కి ఇంటికెళ్తే ఫోటోలు తీశాం. ఒక చర్చి ముందు ముగ్గురం నవ్వుతున్నాం. "ఇదెక్కడ్రా?" అంది అమ్మ. నాకూ గుర్తు రాలేదు. ఫోనులో లొకేషన్ నొక్కి చూసి కొలోన్ అని చెప్పాను. ఫ్లోరెన్స్ ఫోటో రాగానే మాత్రం ఎవరూ చెప్పక్కర్లేకుండా "టమాటాల ఊరు" అంది. నేను ప్లాను చేసిన 14 రోజుల్లో ఆవిడకి మిగిలింది నా ప్లాను ఫెయిలైన ఒక్క రోజు.

అందుకే ఊరికే తిట్టి ఊరుకోకుండా, ఆ కుర్రాడికి వేరే షీటు వేసిచ్చాను. పది పనిదినాలు సెలవు. శుక్రవారం రాత్రి బయల్దేరితే శనివారం దిగుతారు. రెండో శుక్రవారం తిరుగు విమానం. మొత్తం 13 రాత్రులు. పారిస్ 4, లూసర్న్ 3, ఫ్లోరెన్స్ 2, రోమ్ 4. నాలుగు ఊళ్ళు, మూడు మార్పులు. పారిస్‌లో దిగి రోమ్‌లో ఎక్కాలి. టికెట్టు కొనేటప్పుడు మల్టీ సిటీ అని నొక్కితే వస్తుంది. వెనక్కి పారిస్ వచ్చే రోజు మిగులుతుంది.

ఊళ్ళు తగ్గించగానే షీటులో ఒక కొత్త కాలం పెట్టాను: సెలవు రోజు. లూవ్ర్ మంగళవారం మూత. ఓర్సే సోమవారం మూత. ఫ్లోరెన్స్‌లో ఉఫిజీ సోమవారం మూత. వాటికన్ మ్యూజియంలు నెలలో ఆఖరిది తప్ప ఆదివారాలు మూత. కొలోసియం టికెట్టు మీద మన పేరుంటుంది, ముందే టైము స్లాటు తీసుకోవాలి. ఊరికి ముప్పావు రోజున్నవాడు సరిగ్గా మూత రోజున దిగితే అంతే సంగతులు. నాలుగు రాత్రులున్నవాడు మర్నాడు వెళ్తాడు.

లూసర్న్‌కి మూడు రాత్రులెందుకు అన్నాడు. మబ్బు కోసం. రిగీ అయినా, పిలాటుస్ అయినా, షారుఖ్ ఖాన్ కాజోల్ కటౌట్ ఉన్న టిట్లిస్ అయినా, మబ్బు పట్టిన రోజు పైకెళ్తే కనిపించేది తెల్ల గోడ. రెండు పూర్తి రోజులుంటే ఏ రోజు బావుంటే ఆ రోజు ఎక్కొచ్చు. సర్వర్లకి రిడండెన్సీ పెట్టే వాళ్ళం, ఆల్ప్స్‌కి పెట్టలేమా?

స్విస్ రైళ్ళు నిమిషం తప్పవు కదా అంటారు. 57 కిలోమీటర్ల గోథార్డ్ సొరంగంలో 2023 ఆగస్టులో గూడ్సు బండి పట్టాలు తప్పితే పూర్తిగా తెరవడానికి 2024 సెప్టెంబరు దాకా పట్టింది. అదే నెలలో కొండచరియలు పడి ఆగిన పారిస్, మిలన్ రైలు మళ్ళీ నడిచింది 2025 మార్చి ఆఖర్న. బఫర్ అనేది పిరికివాళ్ళ మాట కాదు.

వీసా సంగతీ చెప్పాలి. లండన్ షెంగెన్‌లో లేదు, దానికి వేరే వీసా, వేరే ఫీజు. లండన్ తీసెయ్యగానే ఆ ఖర్చంతా మిగిలింది. షెంగెన్‌కి పెద్దవాళ్ళ ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోలకి ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అప్లై చెయ్యొచ్చు, ఆఖరి పదిహేను రోజులదాకా ఆగకూడదు. ఇంకో ముఖ్యమైన విషయం... దిగేది పారిస్ కాబట్టి ఫ్రాన్స్‌కి అప్లై చేస్తానన్నాడు. తప్పు. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటే ఆ దేశానికి అడగాలి, సమానమైతేనే మొదట దిగే దేశం. ఈ షీటులో ఇటలీ 6 రాత్రులు, కాబట్టి ఇటలీకి. పది ఊళ్ళ షీటు పట్టుకుని "మీ ముఖ్య గమ్యం ఏది" అనే గడి ఎలా నింపుతావురా అంటే వాడి దగ్గర జవాబు లేదు. అసలు ఆ గడే మనందర్నీ అడగాల్సిన ప్రశ్న.

లూవ్ర్‌లో మోనాలిసా ముందు నిలబడితే నాకు తిరుమలే గుర్తొచ్చింది. "జరగండి జరగండి" ఒక్కటే తక్కువ. కానీ తిరుమలలో ఆ ఒక్క క్షణం కోసం మనం ఇంటి దగ్గర్నుంచీ మనసులో సిద్ధపడి వెళ్తాం. ఇక్కడ? 2026 జనవరి 14 నుంచి యూరప్ బయటివాళ్ళకి లూవ్ర్ టికెట్టు 32 యూరోలు. మనిషికి అంత పెట్టి, వెనకాల రైలు టైము తరుముతుంటే గంటలో బయటికొచ్చేసే మొక్కు ఎవరికి మొక్కుకున్నాం?

నా అనుమానం ఒకటే. మనం ఊళ్ళు చూడ్డానికి కాదు, లెక్క చెప్పడానికి వెళ్తున్నాం. "ఎన్ని దేశాలు కవర్ చేశారు?" అని అడిగే బాబాయి కోసం, ఆఫీసులో మ్యాపు మీద పిన్నులు గుచ్చేవాడి కోసం. కవర్ చెయ్యడానికి అదేమన్నా సిలబస్సా?

షీటు వాడికి ఇచ్చేశాను. లండన్, బ్రస్సెల్స్, కొలోన్ అక్కడికక్కడే తీసేశాడు. ఆంస్టర్‌డాం నిన్న పోయింది. వెనిస్ మీద మాత్రం ఇంకా గొడవ నడుస్తోంది, "ఒక్క పూటన్నా" అంటున్నాడు. మూడు వంతెనల కథ వాడికి రెండుసార్లు చెప్పాను. వాళ్ళమ్మగారికే ఫోన్ చేసి చెప్దామా అని ఆలోచిస్తున్నాను.