గోడ మీది గీత కదలనప్పుడు



తలుపు పక్క గోడ మీద పెన్సిల్ గీతలు. ప్రతి పుట్టినరోజుకీ బిడ్డను నిలబెట్టి గీసినవి. నిరుటి గీతకూ ఈ ఏటి గీతకూ మధ్య రెండు వేళ్ల సందు కూడా లేదు. "వాళ్ల నాన్నా ఆలస్యంగానే ఎదిగాడులే" అంటుంది నాయనమ్మ. కావచ్చు. కానీ నాలుగేళ్లు దాటిన బిడ్డ ఏడాదికి 4 సెంటీమీటర్లయినా పెరగకపోతే డాక్టరుకు చూపించాల్సిందే.

మెదడు అడుగున బఠానీ గింజంత ఉండే పీయూష గ్రంథి గురించే ఈ సంచిక. ఎదుగుదల హార్మోను అక్కడే తయారవుతుంది. థైరాయిడ్‌కూ అడ్రినల్‌ గ్రంథులకూ ఆదేశాలు అక్కణ్ణుంచే వెళ్తాయి. పుట్టుకతోనే గ్రంథి మరీ చిన్నదైనా, దాని కాడ తెగినట్టున్నా, వెనుక భాగం చోటు తప్పినా హార్మోన్లు తగ్గే ముప్పు ఎక్కువ. కంటి నరం సరిగా ఎదగని పిల్లలకూ, పీయూష గ్రంథి దగ్గర కణితి వచ్చినవాళ్లకూ, తలకు రేడియేషన్ తీసుకున్నవాళ్లకూ అంతే. నెలల పిల్లల్లో చక్కెర పదే పదే పడిపోవడం, కామెర్లు వారాల తరబడి తగ్గకపోవడం తొలి గుర్తులు కావచ్చు.

వ్యాసాలన్నిటినీ కలిపే దారం ఒకటే: కాలం. ఈ రోజు పరీక్షలో సరిగా ఉన్న హార్మోను కొన్నేళ్ల తర్వాత తగ్గవచ్చు. అందుకే ఒక్క రిపోర్టుతో ఊరుకోవద్దని తల్లిదండ్రులకు పదే పదే చెప్పాలనుకున్నాం.

ప్రయోగశాలలో తయారైన ఎదుగుదల హార్మోనుకు అమెరికాలో 1985లోనే అనుమతి వచ్చింది. మందు ఉంది. బిడ్డ దాని దగ్గరికి సకాలంలో చేరాలన్నదే మా తపన.